జాగ్రత్త! పేరు కుట్టిన మింక్ రగ్గు ఆర్డరు పెట్టే ముందు ఇది చదవండి

బారసాల ఎల్లుండి. రగ్గు ఇవాళ మధ్యాహ్నం చేతికొచ్చింది. ఒళ్ళు మండిపోతోంది, అందుకే వెంటనే రాస్తున్నాను.

ఏ పేజీనో మీకు చెప్పక్కర్లేదు. పిల్లల పేర్లు కుట్టిన రగ్గులు, టవళ్ళు చూపిస్తూ రీళ్ళలో రోజూ కనిపించేదే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు.

మా చెల్లెలి కొడుక్కి అమ్మమ్మ ఇచ్చే మొదటి కానుక ఇది. లేత పసుపు మింక్ రగ్గు, మూలన తెలుగులో ‘అద్విక్’ అని పేరు, కింద చిన్న ఏనుగు. మొత్తం 1,850 రూపాయలు. సగం ముందు కట్టాలి, మిగతా సగం కుట్టు ఫోటో చూశాక. ఫోటో వచ్చింది. ఒక్కో అక్షరం నున్నగా, నిండుగా ఉంది. మిగతా డబ్బు కట్టేశాం.

విప్పి చూస్తే గుండె జారిపోయింది. దారాల సందుల్లోంచి నూగు పైకి పొడుచుకొచ్చింది. ద కింద ఉండాల్సిన వ వత్తు నూగులో మునిగిపోయి ‘అదిక్’ అని కనిపిస్తోంది. ఏనుగు ఒక చోట, దాని చుట్టూ కుట్టిన గీత ఇంకో చోట. పేరు చుట్టూ ఫ్రేమ్ బిగించిన గుండ్రటి ముద్ర, అక్కడ నూగంతా అణిగిపోయి మెరుస్తోంది. వెనక్కి తిప్పితే ఇంకా ఘోరం. అడుగు నుంచి వచ్చే తెల్లటి బాబిన్ దారాలు కత్తిరించకుండా వేలాడుతున్నాయి, కుట్టుకు ఆసరాగా వెనక పెట్టే పేపర్ సగం చింపి వదిలేస్తే అట్టలా అంటుకుని ఉంది. అమ్మ వేలితో రుద్ది చూసి, ‘ఇది పిల్లాడి బుగ్గకు తగిలితే గీరుకుపోతుందే’ అంది. ఆ వేలాడే దారాలు పసిబిడ్డ వేలికి చుట్టుకుంటే రక్తం ఆడదు. పసిపిల్లల వస్తువులు అమ్మేవాళ్ళకు ఆ మాత్రం తెలియదా?

మా వీధిలో జాకెట్లకు కంప్యూటర్ వర్క్ చేసే అన్నయ్యకు తీసుకెళ్ళి చూపించాను. చూడగానే ‘పైన షీట్ వేయలేదమ్మా’ అన్నాడు. మింక్, ఫ్లీస్, షెర్పా లాంటి నూగు బట్ట మీద నీళ్ళలో కరిగిపోయే పల్చటి షీట్ పరిచి కుట్టాలట. అది నూగును అణిచిపెడుతుంది, కుట్టు పైన నిలబడుతుంది. పని అయ్యాక షీట్ చింపేసి తడి గుడ్డతో అద్దితే మిగిలింది కరిగిపోతుంది. వత్తులున్న తెలుగు పేరైతే ముందుగా రగ్గు రంగు దారంతోనే అడుగున పల్చగా ఒక కుట్టు వేసి నూగును పడుకోబెట్టాలి, పంచింగ్ (కంప్యూటర్‌లో కుట్టు డిజైన్ తయారు చేయడం) చేసేటప్పుడే ఆ ఏర్పాటు చూసుకోవాలి. వెనక చింపేసే పేపర్ పనికిరాదు, కుట్టు చుట్టూ కత్తిరించి లోపలే ఉంచే రకం వేయాలి. అప్పుడే ఉతికినా అక్షరం వంకర పోదు. మందపాటి రగ్గును ఫ్రేమ్‌లో బిగించకుండా, పేపర్‌ను మాత్రం బిగించి రగ్గును దాని మీద అంటిస్తే ఈ ముద్ర పడేది కాదు. విప్పి మళ్ళీ కుట్టమంటే, విప్పితే నూగు ఊడి బట్ట బోసిపోతుందన్నాడు.

అమ్మిన ఆవిడకు ఫోటోలు పంపాను. ‘మింక్ మీద అంతే వస్తుంది మేడమ్’ అని జవాబు. మీరు పంపిన ఫోటోలో అలా లేదే అని అడిగాను. కాసేపటికి వాయిస్ మెసేజ్ వచ్చింది. ‘అది డిజైన్ ఫోటో మేడమ్, కంప్యూటర్‌లో రగ్గు మీద పెట్టి చూపిస్తాం, అందరికీ అదే పంపిస్తాం. అయినా పొత్తిళ్ళలో పిల్లాడు పేరు చదువుతాడా? కప్పుకోడానికేగా!’ చివర్లో ఒక నవ్వు.

‘కుట్టు అయిపోయింది, చూసుకోండి’ అని ఆవిడ రాసిన మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. సూది పడకముందే కుట్టయిపోయిందని బొమ్మ చూపించి డబ్బు కట్టించుకున్నారు. దీన్ని మోసం అనే అంటారు. పనిలో పొరపాటు ఎవరికైనా జరుగుతుంది, ‘తప్పయింది, ఇంకోటి కుట్టిస్తాం’ అంటే నేనింత దూరం వచ్చేదాన్నే కాదు. ఆ మెసేజ్ అమ్మ నా పక్కనే కూర్చుని వింది. నేనిస్తానన్నా వినకుండా తన పింఛన్లోంచి తీసిచ్చిన డబ్బది. ఆ నవ్వు అమ్మ చెవిన పడకుండా ఉండాల్సింది.

పేరు కుట్టింది వెనక్కి తీసుకోరట. చట్టం అలా చెప్పడం లేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకుని డబ్బివ్వకపోవడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను, తెలుగులోనే మాట్లాడొచ్చు. కదలిక లేకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్న ధర 5 లక్షల లోపైతే అక్కడ ఫీజు కూడా లేదు.

ఎక్కడ కుట్టించినా మిగతా డబ్బు కట్టే ముందు రగ్గును చేత్తో పట్టుకుని, ముందూ వెనకా తిప్పి తీసిన వీడియో అడగండి. నూగును వేలితో నిమిరి చూపించమనండి, బొమ్మ పెట్టి ఏమార్చడం అప్పుడు కుదరదు. పార్శిల్ విప్పేటప్పుడు మీరూ వీడియో తీసుకోండి.

ఆ పేజీలో ఇప్పటికే సగం కట్టి ఉన్నవాళ్ళు ఈ రాత్రికే మెసేజ్ పెట్టండి, షీట్ వేస్తారో లేదో రాతలో చెప్పించుకోండి. వాళ్ళు పంపిన ఫోటో నిజందో కంప్యూటర్‌దో తేల్చుకోలేకపోతే నాకు పంపండి, అన్నయ్యకు చూపించి చెప్తాను.