పరాయి సంస్కృతి తెలియాలంటే ఏది మేలు: వెళ్ళి ఉండటమా, ఇక్కడ నేర్చుకోవడమా?

జర్మనీలో చదువుకునే రోజుల్లో ఓ ఆదివారం పొద్దున్నే కొబ్బరి పచ్చడికి మిక్సీ వేశాను. రెండు నిమిషాల్లో కింది వాటా పెద్దావిడ వచ్చి బెల్ కొట్టింది. ఆవిడ చెప్పింది సగమే అర్థమైంది. వచ్చీరాని జర్మన్‌లో సారీ చెబుతూ ఆవిడని ‘డూ’ అనేశాను. అంటే ముక్కూమొహం తెలియని డెబ్భై ఏళ్ళ మనిషిని ‘నువ్వు’ అన్నట్టు. ‘జీ’ అనాలి, మన ‘మీరు’లా. ఆవిడ ముఖం చిన్నబోయింది. మన రంగు చూసే గొడవకొచ్చిందని ఆ రోజంతా రగిలిపోయాను. అక్కడ ఆదివారం చప్పుడు చేయకూడదనీ, ఖాళీ సీసాలు కూడా ఆ రోజు వీధి డబ్బాలో పడేయరనీ తర్వాతెప్పుడో తెలిసింది.

అప్పటికి నేను అక్కడికి వెళ్ళి ఏడు నెలలు. ఫ్లాట్‌లో నలుగురం తెలుగువాళ్ళమే. క్లాసులు ఇంగ్లీషులో, వంట మనది, కబుర్లు తెలుగులో. తామరాకు మీద నీటిబొట్టులా ఉన్నాం. అందుకే, వెళ్తే అన్నీ అవే తెలుస్తాయంటే నేను ఒప్పుకోను.

ఇప్పుడు హైదరాబాద్‌లో జర్మన్ నేర్పుతున్నాను. సిరీస్‌లు చూస్తే చాలదా అని పిల్లలు అడుగుతుంటారు. ఆసక్తి పుట్టడానికి అవి మంచివే. కొరియన్ డ్రామాలు చూసి ఆ భాష నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు బోలెడుమంది. కానీ మనం తప్పు మాట్లాడితే తెర మీద ఎవరి ముఖమూ చిన్నబోదు.

అసలు తూచాల్సింది చదువుకోవడాన్నీ, వాళ్ళింట్లో ఉండటాన్నీ. దానికి ఫ్రాన్స్, జర్మనీలను మించిన ఉదాహరణ నాకు కనిపించలేదు. 1870, 1914, 1940. డెబ్భై ఏళ్ళలో మూడుసార్లు జర్మన్ సేనలు ఫ్రాన్స్‌లోకి వచ్చాయి. ఆ పగల మధ్య 1963 జనవరి 22న ఫ్రాన్స్ అధ్యక్షుడు డి గాల్, పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ పారిస్‌లో ఎలిజే ఒప్పందం మీద సంతకాలు చేశారు. అదే ఏడు జూలైలో ఇరుదేశాల ఉమ్మడి యువజన కార్యాలయం పుట్టింది. బడిపిల్లల మార్పిడి పద్ధతి తేలికే: ఈసారి మా అబ్బాయి మీ ఇంట్లో ఉంటాడు, తర్వాత మీ అబ్బాయి మా ఇంటికొస్తాడు. ఇలాంటి రకరకాల కార్యక్రమాల్లో ఇప్పటిదాకా 90 లక్షల మందికి పైగా యువత పాల్గొన్నారు. యుద్ధంలో తాతను పోగొట్టుకున్న ఇల్లు, అటువైపు పిల్లాడికి పక్క వేసి, పొద్దున్నే రొట్టె కోసి పెట్టడం ఎంత పెద్ద విషయమో ఆలోచించండి!

పుస్తకం సంగతీ అక్కడే తెలుస్తుంది. ఒప్పందానికి 40 ఏళ్ళు నిండిన 2003లో బెర్లిన్‌లో కలుసుకున్న ఇరుదేశాల విద్యార్థులు, మా ఇద్దరికీ ఒకే చరిత్ర పుస్తకం కావాలని అడిగారు. 2006లో మొదటి భాగం వచ్చింది, అదే పాఠం రెండు భాషల్లో. సిలబస్‌లు వేరు కావడంతో బడుల్లో అనుకున్నంతగా పాకలేదు. కానీ ఆ పుస్తకం కావాలని అడిగింది ఎవరు? ఒకచోట కలిసి కూర్చున్న పిల్లలు!

అందుకే నా ఓటు ఒకరింట్లో ఒకరు ఉండటానికే. మన వాళ్ళతో రెండేళ్ళు ఫ్లాట్‌లో ఉండటం కంటే, ఆ దేశపు ఇంట్లో మూడు వారాలు మేలు. అయితే మనకు అలా పంపే ఉమ్మడి కార్యాలయం నాకు తెలిసి లేదు, సొంతంగా పంపాలంటే లక్షలు. చేతికందేది క్లాసే. క్లాసుని తక్కువ చేయను. డూ, జీ తేడా నేను ఇంగ్లీషు ‘యూ’ మీదుగా నేర్చుకుని పోగొట్టుకున్నాను. నా క్లాసు పిల్లలకు నేరుగా నువ్వు, మీరు అని చెబితే రెండు నిమిషాల్లో పట్టేస్తారు. ‘జీ’ నుంచి ‘డూ’కి మారదామని పెద్దవాళ్ళే ముందు అనాలంటే, ఆ మర్యాద వాళ్ళకి కొత్తగా కూడా అనిపించదు.

పైగా ఇచ్చిపుచ్చుకోవడంలో ఒక సగం మన ఊళ్ళోనే ఉంది. ఉస్మానియాలో, ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ ఇఫ్లూలో ఎన్నో దేశాల విద్యార్థులు చదువుతున్నారు. పండక్కి వాళ్ళని పిలిచే ఇళ్ళెన్ని? మా క్లాసులో ఒకమ్మాయి గత దసరాకి ఇథియోపియా స్నేహితురాలిని ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళమ్మ కొసరి కొసరి వడ్డిస్తూ, "తిను తల్లీ, మొహమాటపడకు" అంటోందట. ఆ పిల్ల పులిహోర ముద్ద చేసి, లేచి వచ్చి ఆవిడ నోటికి అందించింది. వాళ్ళ దేశంలో ప్రేమగా అలా పెడతారు, దాన్ని గుర్షా అంటారు. మన గోరుముద్దే, కాకపోతే పెద్దవాళ్ళకు కూడా.

తర్వాతి వారం మా క్లాసు అమ్మాయి వచ్చి, ఇథియోపియా భాష అమ్హారిక్ ఎక్కడ నేర్పుతారని నన్ను అడిగింది. నాకు తెలిసిన చోట ఎక్కడా లేదు. ఇప్పుడు ఆ స్నేహితురాలి దగ్గరే వారానికి రెండు సాయంత్రాలు అక్షరాలు దిద్దుతోంది.