గోపాల్‌పూర్ సముద్రతీరంలో ఒక కుటుంబ అతిథి గృహం: మూడు తరాల బస తరువాత

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పనిచేసే తెలుగు కుటుంబాలకు 1950లలో సెలవులంటే పాసు రాయించుకొని విజయనగరం, శ్రీకాకుళం వైపు సొంత ఊళ్ళకు వెళ్ళి రావడమే. మా నాన్నగారు మాత్రం ఆ దారిలోనే ఒడిశాలో ఉన్న బరంపురంలో దిగి, అక్కడికి సుమారు 16 కిలోమీటర్ల దూరంలోని గోపాల్‌పూర్‌లో కొన్నాళ్ళు గడిపిన తరువాతే మమ్మల్ని ఊరికి తీసుకువెళ్ళేవారు. అక్కడ మేము దిగుతూ వచ్చిన అతిథి గృహం ఒక్కటే. చిన్నతనంలో అమ్మానాన్నలతో, పెళ్ళయ్యాక భార్యాబిడ్డలతో, ఇటీవల మనుమలతో అదే ఇంట్లో ఉన్నాను కనుక దాని మంచిచెడ్డలు చెప్పే చనువు నాకు ఉందని అనుకుంటున్నాను. ఇంటివారు నేటికీ అక్కడే కాపురం ఉంటున్నారు. అందుచేత ఇంటి పేరు రాయడం లేదు.

అంత చిన్న ఊళ్ళో అన్ని బంగళాలు ఎందుకు వెలిశాయో తెలిస్తే ఈ తరహా బసల సంగతి తేలికగా అర్థమవుతుంది. గోపాల్‌పూర్ ఒకప్పుడు రేవు. ఓడలు ఒడ్డు దాకా రాలేక కెరటాలకు ఆవల లంగరు వేసుకొని నిలిస్తే, పలకలను తాళ్ళతో కుట్టి కట్టిన మసూలా పడవలు సరుకునూ మనుషులనూ చేరవేసేవి. మన వైపు నుంచి పొట్ట చేతపట్టుకొని రంగూన్‌కు పోయిన కూలీలు ఓడ ఎక్కిన రేవుల్లో ఇదీ ఒకటి. రెండవ ప్రపంచ యుద్ధంలో బర్మా జపాను వశం కావడంతో ఆ రాకపోకలు నిలిచిపోయాయి; గిడ్డంగులు పాడుపడ్డాయి, బంగళాలు మిగిలాయి. ఉన్నవాళ్ళకు ఒబెరాయ్ వారి పామ్ బీచ్ హోటలు ఉండేది. జీతం మీద బతికే కుటుంబాలకు మాత్రం గదులు అద్దెకిచ్చి, తమ వంటింట్లోనే భోజనం వండిపెట్టే గృహస్థులే దిక్కు. ఈ ఊళ్ళున్న గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండడం వల్ల బరంపురం బజారులో అడుగుపెట్టగానే తెలుగు వినిపించేది. మా అమ్మకు ఆ మాటతోనే సగం ప్రయాణ బడలిక తీరిపోయేది.

మా ఇల్లుగలావిడ రైల్వే గార్డుగా పనిచేసి చనిపోయిన ఒక ఆంగ్లో ఇండియన్ పెద్దమనిషి భార్య. పిల్లలమంతా ఆమెను ఆంటీ అనేవాళ్ళం, అమ్మ మాత్రం దొరసానమ్మ గారనే పిలిచేది. గదులు పెద్దవి, కప్పు ఎత్తు, ముందు పొడవాటి వరండా. సామానులో చెప్పుకోదగింది ఏమీ లేదు: నవారు మంచాలు, దోమతెరలు, ఒక బల్ల, హరికేన్ లాంతరు. మెట్ల దగ్గర ఒక రాతి తొట్టిలో మంచినీళ్ళు ఎప్పుడూ నింపి ఉండేవి. సముద్రం నుంచి వచ్చిన వాళ్ళు ఎంత పెద్దవారైనా అక్కడ కాళ్ళు కడుక్కోకుండా వరండా ఎక్కడానికి వీల్లేదు. ఉప్పుగాలికి అగ్గిపెట్టెలు మెత్తబడకుండా వాటిని బియ్యం డబ్బాలో దాచేవారు. ఆవిడ దగ్గర ఒక పాత లెడ్జరు ఉండేది. అందులో లెక్కలతో పాటు ఏ కుటుంబంలో ఎవరు ఏది తింటారో, ఎవరికి ఏది పడదో కూడా రాసుకునేవారు. మా నాయనమ్మ శాకాహారి, మడి పాటించే మనిషి. మొదటిసారి వెళ్ళినప్పుడే ఆంటీ వెనక వరండా మూలను ఆమెకు విడిచిపెట్టి, కుంపటి, బొగ్గులు, విడిగా తోడిన బావినీళ్ళు పెట్టించి, అటువైపు ఎవరూ పోకూడదని నౌకర్లకు చెప్పారు. తరువాతి ఏడాది మేము బండి దిగేసరికే ఆ మూల కడిగి సిద్ధంగా ఉంది. డబ్బు పెట్టి కొనగలిగిన ఏ హోటలులోనూ నాకు అంతటి మర్యాద మళ్ళీ ఎదురుపడలేదు.

ఈ ఇంటిని నేను ఇంతగా మెచ్చుకోవడానికి అసలు కారణం గదులూ కాదు, భోజనమూ కాదు. సముద్రం విషయంలో ఆ ఇంటివారు చూపిన పట్టుదల. గోపాల్‌పూర్ సముద్రం చూడడానికి ఎంత అందమో దిగడానికి అంత ప్రమాదం. ఒడ్డు దగ్గరే లోతు, విరిగిన కెరటం వెనక్కు పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను లాగేస్తుంది. అందుకే నోలియా, అంటే అక్కడి మత్స్యకారుడి, చేయి పట్టుకోకుండా అతిథి ఎవరూ నీళ్ళలో దిగరాదన్నది ఆంటీ పెట్టిన నియమం. దాన్ని మీరినవారిని మరునాడే గది ఖాళీ చేయమన్న సందర్భం నేను కళ్ళారా చూశాను. ఒడియావారు నోలియాలని పిలిచే ఈ మత్స్యకారులు అక్కడ చాలావరకు తెలుగువారే, వారి ఇంటి మాట మన ఉత్తరాంధ్ర తీరపు తెలుగే. మాకు వాడుకగా వచ్చే నోలియా మణికట్టు పట్టుకునేవాడే తప్ప వేళ్ళు పట్టుకునేవాడు కాదు, తడిసిన వేళ్ళు జారిపోతాయని. "కెరటానికి ఎదురు నిలబడొద్దు బాబూ, దాని కిందకి దూరిపోవాల" అని నేర్పించి, పెద్ద కెరటాలు వరసగా వచ్చి పోయేదాకా మోకాలి లోతులోనే ఆపి, ఆ తరువాత వచ్చే కాస్త తెరిపిలో ముందుకు తీసుకువెళ్ళేవాడు. పొద్దున్నే ఆంటీ అతన్ని వరండా దగ్గరికి పిలిచి ఈరోజు నీళ్ళు ఎలా ఉన్నాయని అడిగేవారు. అతను తల అడ్డంగా ఊపితే ఆ పూట స్నానం లేదు, మేము ఎంత ఏడ్చినా లాభం లేదు. అలివి వల లాగే చోటికి పోయి చూసి రావడమే మాకు మిగిలిన వేడుక. ఈత నేర్చిన వాళ్ళు సైతం ఆ నియమానికి లోబడవలసిందే. ఇన్నేళ్ళలో ఆ ఇంట్లో దిగినవారికి సముద్రంలో ప్రాణాపాయం కలిగిందన్న మాట నేను వినలేదు.

భోజనం గురించి తక్కువ చెప్పినా చాలు. మధ్యాహ్నం వంజరం వేపుడో చందువ పులుసో, రాత్రి పలుచని కూర, అన్నం, రొట్టె. వల ఒడ్డుకు వచ్చిన తరువాతే వంట ఏమిటన్నది నిర్ణయమయ్యేది కనుక తాజాదనంలో లోటు ఉండేది కాదు. కారం మాత్రం మనవాళ్ళ నాలుకకు చాలదు; అమ్మ ఆవకాయ జాడీ లేకుండా ఎన్నడూ బయలుదేరలేదు.

ఆంటీ కొడుకులు ఆ కాలంలో అనేక ఆంగ్లో ఇండియన్ కుటుంబాలవారిలాగే ఆస్ట్రేలియాకు వెళ్ళిపోయారు. కూతురూ అల్లుడూ ఇల్లు నడిపిన కాలమే నా దృష్టిలో అన్నిటికంటే సుఖమైనది: కరెంటు పంకాలు వచ్చాయి, స్నానాల గదులు గదులకు ఆనుకొని కట్టారు, పాత నియమాలు మాత్రం ఒక్కటీ సడలలేదు. దుర్గాపూజ సెలవుల్లో కలకత్తా నుంచి గాలి మార్పు కోసం వచ్చే బెంగాలీ కుటుంబాలతో ఇల్లు నిండిపోయినా, ఏటా వచ్చే మా బోటి వారికి వేసవి గది ఉత్తరంతోనే ఖాయమయ్యేది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఇంటి పెంకుల కప్పు చాలావరకు ఎగిరిపోయింది, పెరటిలోని సరుగుడు చెట్లు నేలకూలాయి. మూడో తరం వారు అప్పు చేసి మళ్ళీ నిలబెట్టారు. అందుకు వారిని మనసారా అభినందిస్తాను. అయితే ఆ అప్పు తీర్చే తొందర బసలో కనిపిస్తున్నది. రెండు పెద్ద గదులను అట్టలాంటి గోడలతో నాలుగు చేశారు, పక్క గది టెలివిజను మాటలు తెల్లవార్లూ వినిపిస్తాయి. రద్దీ రోజుల్లో భోజనం బయటి నుంచి తెప్పిస్తున్నారు. చాలా ముందుగా ఖాయం చేసుకున్న వరండా గదిని, మేము చేరేసరికి మరొకరికి ఇచ్చి, క్షమాపణ కూడా సరిగ్గా చెప్పలేదు. నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది వేరు: నోలియాను తోడు తీసుకువెళ్ళడం ఇప్పుడు అతిథుల ఇష్టానికి వదిలేశారు. కుర్రవాళ్ళు ఫోనులు పట్టుకొని నేరుగా కెరటాల్లోకి నడిచిపోతుంటే ఇంటివారు వరండాలో కూర్చొని చూస్తున్నారు. ఈ మాట యజమానితో ముఖాముఖి చెప్పాను. మళ్ళీ నియమం పెడతానని అన్నాడు, ఇంకా పెట్టలేదు.

ఇన్ని లోపాలున్నా, సముద్రం ఎదుట నిశ్శబ్దంగా నాలుగు రోజులు గడపాలనుకునే పెద్దవారికీ చిన్నపిల్లలున్న కుటుంబాలకూ ఈ ఇంటినే సూచిస్తాను. కొత్త హోటళ్ళలో లేని వెడల్పాటి వరండా, తియ్యని బావినీరు, అడిగితే ఇప్పటికీ వేళకు వండిపెట్టే ముసలి వంటమనిషి ఇక్కడ ఉన్నారు. పూజ సెలవులనూ డిసెంబరు చివరి వారాన్నీ వదిలేసి, జనవరి, ఫిబ్రవరి నెలల్లో వెళ్ళండి. గోడలు కదపని తూర్పు చివరి గదిని పట్టుబట్టి అడగండి. భోజనం ఇంట్లో వండినదే కావాలని ముందురోజు రాత్రే చెప్పండి. నోలియాను ఇంటివారు పిలవకపోయినా మీరే తెల్లవారగానే ఒడ్డుకు పోయి తెలుగులో పలకరించి, కూలి మాట్లాడుకొని, అతను వద్దన్న రోజు నీళ్ళలో దిగకండి.