ముందు ‘వంశవృక్ష’ చదవాలా, ‘గోరా’నా?

రెండూ నవలలే, నా ఓటు భైరప్ప ‘వంశవృక్ష’కే. కన్నడంలో 1965లో వచ్చింది. నంజనగూడు ఊళ్లో ఉండే శ్రీనివాస శ్రోత్రికి వంశమే ధర్మం. మళ్లీ పెళ్లి చేసుకున్న కోడలు తన కొడుకుని ఆ ఇంట్లోనే వదులుకోవాల్సి వస్తుంది. తీరా పెద్ద వయసులో, తనే ఆ వంశపు రక్తం కాదని శ్రోత్రికి తెలుస్తుంది. ఆ కోడలి కడుపుకోత తలుచుకుంటే ఆ పేజీలు తిప్పబుద్ధి కాదు.

ఠాగూర్ ‘గోరా’ (1910) వాదోపవాదాలతో నిదానంగా నడుస్తుంది, ఓపిక కావాలి. కానీ ముగింపు! క్రైస్తవురాలైన పనిమనిషి లఛ్మియా ఉందని తల్లి గదిలో మంచినీళ్లు కూడా ముట్టని గోరా, తాను ఐరిష్ దంపతుల బిడ్డనని తెలిశాక ఆ లఛ్మియా చేతి నీళ్లే అడుగుతాడు. శ్రోత్రిని కూల్చేసిన నిజమే గోరాకి సంకెళ్లు తెంచింది. అందుకే దీన్ని రెండోది చదవండి.