'2018' సినిమా: వరద ముందు ఒకసారి, వరద తర్వాత ఒకసారి

నేను ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు బాగుచేస్తాను. విజయవాడ అజిత్ సింగ్ నగర్‌లో పాతికేళ్లుగా ఇదే పని. సినిమా గురించి రాయడం ఇదే మొదటిసారి. కెమెరా పనితనం, ఎడిటింగ్ లాంటివి నన్ను అడగకండి. నీళ్ల గురించి మాత్రం చెప్పగలను.

'2018' మలయాళం సినిమా. జూడ్ ఆంథనీ జోసెఫ్ తీశాడు. ఆ ఏడాది ఆగస్టులో కేరళని ముంచిన వరదలే కథ. 2023 మే నెలాఖరున తెలుగులో వచ్చినప్పుడు మా ఆవిడా నేనూ హాల్లో చూశాం. నిజం చెప్పాలంటే ఏసీ కోసం వెళ్లాం, బెజవాడ ఎండలు తెలుసుగా.

మొదటి గంటలో ఎవరెవరో వస్తుంటారు. ఆర్మీ ఉద్యోగం వదిలేసి వచ్చి ఊళ్లో మాటలు పడే అనూప్ (టొవినో థామస్), కళ్లు కనపడని కొట్టాయన భాసి, చేపలు పట్టే ఇంట్లో పుట్టి మోడల్ అవుదామని తిరిగే నిక్సన్ (ఆసిఫ్ అలీ), కంట్రోల్ రూమ్‌లో ఫోన్లతో సతమతమయ్యే ఉద్యోగి షాజి (కుంచాకో బోబన్), తమిళ లారీ డ్రైవర్ ఒకడు. ఇంతమంది ఎందుకబ్బా అనిపించింది. హాల్లో నా ముందు వరుసలో ఒకాయన నిద్రపోయాడు కూడా. ఇంటర్వెల్ తర్వాత ఆయనా లేచి కూర్చున్నాడు.

రెండో సగంలో, రాత్రిపూట ఇంట్లో చిక్కుకుపోయిన ఒక కుటుంబం ఉంటుంది. భార్యాభర్తలు, సొంతంగా కదల్లేని కొడుకు. కరెంటు లేదు, నీళ్లు పెరుగుతున్నాయి. హాలంతా టెన్షన్. నేను మాత్రం మా ఆవిడ చెవిలో, "వాన మొదలైనప్పుడే వెళ్లిపోవచ్చు కదా, ఇంతదాకా ఎందుకు కూర్చున్నారు?" అన్నాను. ఆవిడ "మరే" అంది.

ఏడాది తిరిగింది. 2024 ఆగస్టు 31, శనివారం, రోజంతా వాన. ఆదివారం తెల్లారేసరికి బుడమేరు వాగు మా వీధిలో ఉంది. పైన కవులూరు, శాంతినగర్ దగ్గర గండ్లు పడ్డాయని తర్వాత తెలిసింది. షాపులో కస్టమర్ల ఫ్రిజ్‌లు పదకొండు ఉన్నాయి. వెళ్లిపోయానా? లేదు. ఇటుకలు పేర్చి ఒక్కో ఫ్రిజ్‌నీ పైకెత్తుతూ కూర్చున్నాను. మోకాళ్లదాకా వచ్చాక ఇంకో వరుస ఇటుకలు పెట్టాను. మా ఆవిడ మెట్ల మీద నుంచి, "ఏవండీ, మీకు దండం పెడతాను, పైకి రండి" అని అరుస్తూనే ఉంది. నడుందాకా వచ్చాక ఇటుకలతో పని లేకుండా పోయింది. ఫ్రిజ్‌లు తేలాయి! తలుపు గట్టిగా మూసుంటే లోపలంతా గాలి, గోడల్లో ఫోమ్, ఇంకేం కావాలి? పాతికేళ్లు వాటితోనే బతికి, ఫ్రిజ్ తేలుతుందని ఆ రోజే తెలుసుకున్నాను. ఒకటి వెల్లకిలా పడి గుమ్మానికి అడ్డంగా తగులుకుంటే దాని మీద నుంచి ఎక్కి బయటపడ్డాను.

ఇదంతా అయిన నాలుగు నెలలకి మా అమ్మాయి సోనీ లివ్‌లో ఆ సినిమా మళ్లీ పెట్టింది. "నాన్నా, చూడగలవా?" అని అడిగి మరీ పెట్టింది.

ఈసారి మొదటి గంట నాకు బోరు కొట్టలేదు. వాన పడుతూనే ఉంటుంది, వాళ్లు గొడవలు పడుతుంటారు, పెళ్లి మాటలు మాట్లాడుకుంటుంటారు, ఎవరూ ఆకాశం వంక చూడరు. మా శనివారం అచ్చంగా అలాగే గడిచింది. ఆ రోజు సాయంత్రం నేను మిరపకాయ బజ్జీలు తెప్పించాను.

నీళ్లు బాగా తీశారు. సెట్ వేసి, ట్యాంకులో నీళ్లు నింపి తీశారట, ఆ తేడా నా కంటికి ఎక్కడా దొరకలేదు. వరద అంటే హోరుమని మీదపడే అల అనుకుంటాం. ఇంట్లోకి వచ్చేటప్పుడు అది దొంగలా వస్తుంది. ముందు బాత్రూమ్ తూములోంచి, తర్వాత గడప కిందనుంచి. ఆ నెమ్మదితనాన్ని ఈ సినిమా పట్టుకుంది.

నాకు నచ్చనిది ఆ తర్వాతి బురద. దాని జోలికి సినిమా పెద్దగా పోదు. మా దగ్గర నీళ్లు వారం దాటినా పూర్తిగా తియ్యలేదు. తీశాక అసలు పని మొదలైంది. ఫైరింజన్లు తెచ్చి ఇళ్లు కడిగారు. ఫ్రిజ్ రబ్బరులో ఇరుక్కున్న బురదని పళ్లు తోముకునే బ్రష్‌తో తీశాను. పదకొండింటిలో నాలుగు బతికాయి. కంప్రెషర్ సీల్ చేసి ఉంటుంది కాబట్టి చాలావాటికి బాగానే ఉంది, బోర్డులు పోయాయి, ఫోమ్ నీళ్లు పీల్చి కంపు కొట్టింది.

ఇంకొకటి. 'ప్రతి ఒక్కరూ హీరోనే' అన్నది ఈ సినిమా మాట. కేరళలో మత్స్యకారులు పడవల్ని లారీల మీద ఎక్కించుకొచ్చి వేలమందిని కాపాడింది నిజం. సినిమాలో ఆ పడవలు బయల్దేరే చోట రెండుసార్లూ నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ప్రతి ఒక్కరూ అంటే ఒప్పుకోను. మా వీధికి లారీ ట్యూబు వేసుకుని ఈదుకుంటూ వచ్చి పాల ప్యాకెట్లు ఊరికే ఇచ్చిపోయిన కుర్రాళ్లున్నారు. మనిషికి ఇంత అని బేరమాడాకే పడవ ఎక్కించుకున్నవాడూ ఉన్నాడు. ఆ రెండోవాడు కూడా సినిమాలో ఉండాల్సింది. అలాగే, నిండిపోయిన డ్యాముల గేట్లు ఎప్పుడెత్తారు, ముందే ఎత్తి ఉండాల్సిందా అని కేరళలో పెద్ద గొడవే జరిగింది. ఇడుక్కి దగ్గర చెరుతోణి గేట్లు 26 ఏళ్ల తర్వాత ఆ ఆగస్టులోనే ఎత్తారు. సినిమా కంట్రోల్ రూమ్ చూపిస్తుంది గానీ ఎవరినీ గట్టిగా నిలదీయదు.

తెలుగు డబ్బింగ్ గురించి: మాటలు అర్థమవుతాయి, అంతవరకే. సముద్రం మీద బతికేవాళ్లు టీవీ వార్తలు చదివినట్టు మాట్లాడితే ఎలా? ఒక్క బందరు మనిషిని పక్కన కూర్చోబెట్టుకున్నా సరిపోయేది. వీలైతే మలయాళంలోనే చూడండి, టొవినో, నిక్సన్ తండ్రిగా చేసిన లాల్ గొంతులైనా దక్కుతాయి.

చూడమనే చెప్తాను. ఐదుకి నాలుగు ఇస్తాను. వరద చూసినవాళ్లు ఇంట్లో ఉంటే సౌండ్ మాత్రం తగ్గించుకోండి. మా ఆవిడ వంటింట్లో ఉండి ఆ వాన చప్పుడు విని, గబగబా వరండాలోకి వెళ్లి రోడ్డు చూసొచ్చింది. బయట ఎండగా ఉంది. అయినా షాపులో ఇటుకలు ఎక్కడున్నాయని నన్ను అడిగింది.