సిరిపురంలో ఆరు గంటల సిమ్ రేసు: హైపర్‌కారు కాదు, జీటీ3 సీటే అడగండి

వైజాగ్ సిరిపురం జంక్షన్ నుంచి వీఐపీ రోడ్డు వైపు వస్తుంటే ఒక బిల్డింగ్ పై ఫ్లోర్‌లో సిమ్ రేసింగ్ సెంటర్ ఉంది, అంటే కారు సీటు, స్టీరింగ్, పెడల్స్ బిగించిన సెట్టు (దాన్నే రిగ్గు అంటారు) ఎక్కి కంప్యూటర్ గేమ్‌లో రేసు నడిపే చోటు, కింద కంప్లైంట్లు కూడా రాశాను కాబట్టి పేరు పెట్టట్లేదు, అటు తిరిగేవాళ్ళకి ఎలాగూ తెలిసిపోతుంది. మొన్న శనివారం రాత్రి ఎనిమిదింటి నుంచి రెండింటి దాకా ఆరు గంటల రేసు పెట్టారు, గేమ్‌లో ట్రాక్ ఏమో ఫ్రాన్స్‌లోని లె మాన్, మూడు క్లాసుల కార్లు ఒకేసారి. టీముకి ముగ్గురు, ఎంట్రీ 3,600. మా టీమ్ అంటే నేను, మా తమ్ముడు, మా బావగారు. బావగారిది స్టీల్ ప్లాంట్‌లో ఉద్యోగం, పొద్దున 'ఏ' షిఫ్ట్ చేసొచ్చి మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని మరీ తయారయ్యారు.

ఈ మల్టీ క్లాస్ గొడవ తెలియనివాళ్ళకి కొంచెం చెప్తాను. లె మాన్ 24 గంటల రేసులో పైన హైపర్‌కార్లు, అంటే ఫెరారీ, టయోటా, కాడిలాక్ లాంటి కంపెనీల బళ్ళు, అన్నిటికంటే ఫాస్ట్. మధ్యలో ఎల్ఎంపీ2, ఇవీ రేసు కోసమే చేసిన కార్లు, అక్కడ అందరిదీ ఒకటే ఒరెకా కారు, ఒకటే గిబ్సన్ వీ8 ఇంజిన్. కింద ఎల్ఎంజీటీ3, మామూలుగా జీటీ3 అంటాం, చూడ్డానికి రోడ్డు మీద తిరిగే స్పోర్ట్స్ కార్లలాగే ఉంటాయి, ప్రతి టీములో ఒక బ్రాంజ్ గ్రేడ్ డ్రైవర్, అంటే డ్రైవర్ గ్రేడ్లలో అన్నిటికంటే కింది గ్రేడ్ వాళ్ళు, ఉండి తీరాలి. 2025లో మొత్తం 62 కార్లు దిగాయి. ల్యాప్ 13.626 కిలోమీటర్లు, హైపర్‌కారుకి మూడున్నర నిమిషాలు చాలు, జీటీ3కి నాలుగు నిమిషాల దాకా పడుతుంది. ఆ అరనిమిషం తేడా ఉంది చూశారూ, అసలు రేసంతా అందులోనే ఉంది, ఎందుకంటే ఒక్కో హైపర్‌కారూ దాదాపు అరగంటకోసారి వెనక నుంచి వచ్చి జీటీ3ని దాటుకుని పోవాలి, పగలైనా రాత్రైనా వానైనా సరే.

మేం వెళ్ళేసరికి హైపర్‌కారు రిగ్గులు, ఎల్ఎంపీ2 రిగ్గులు అయిపోయాయి, మిగిలింది జీటీ3 పోర్షే. నిజం చెప్పాలంటే నాకు చాలా చిరాకేసింది, డబ్బులిచ్చి వచ్చి అందరికంటే స్లో కారు నడపడం ఏంటి అని. తమ్ముడైతే ఇంటికి పోదాం అన్నాడు. అక్కడ రేస్ కంట్రోల్ చూసుకునే కుర్రాడు, ఇరవై రెండేళ్ళు ఉంటాయేమో, మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి పావుగంట ఓపిగ్గా చెప్పాడు. "అన్నా, వెనక పెద్ద కారు వచ్చిందని మీరు పక్కకి జరగొద్దు, మీ లైన్‌లో మీరు పోండి, దాటే పని వాళ్ళది." ఈ ఒక్క మాటకే నేను ఈ సెంటర్‌కి మార్కులేస్తాను, చాలా చోట్ల సీట్లో కూర్చోబెట్టి టైమర్ ఆన్ చేసి వెళ్ళిపోతారు.

చెప్పినా మొదటి గంటలో ఎవరూ వినలేదనుకోండి. బావగారు ఇండియానాపొలిస్ మలుపు దగ్గర, అదీ లె మాన్‌లో ఒక మలుపు పేరే, వెనక లైట్లు చూసి దారిద్దామని సగంలో లోపలికి జరిగారు, అప్పటికే లోపల దూరిన ఎల్ఎంపీ2 నేరుగా వచ్చి గుద్దింది. మూడు నిమిషాలు పోయాయి. దిగాక కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆయనే అన్నారు, "గాజువాక హైవే మీద లారీవాడు ఇలగే చేస్తే మనం తిట్టమూ, వాడు కదలకుండా పోతే బైకులోడు ఎటు నుంచి వెళ్ళాలో చూసుకుంటాడు, మధ్యలో వాడికి జాలి పుడితేనే కష్టం" అని. పోర్టు లారీలు, కార్లు, ఆటోలు, బైకులు అన్నీ ఒకే రోడ్డు మీద పోయే దారి ఆయనకి రోజూ అలవాటే కదా, రెండో స్టింట్‌లో, అంటే రెండోసారి సీటెక్కినప్పుడు, ఒక్క దెబ్బ పడనివ్వలేదు.

నాకు పదకొండు దాటాక వచ్చిన స్టింట్ మాత్రం మర్చిపోలేను. గేమ్‌లో చీకటి పడింది, పోర్షే కర్వ్స్‌లో ఉన్నాను, అదీ లె మాన్‌లో ఒక ముక్కే, అక్కడ కుడి ఎడమ మలుపులు వరసగా వస్తాయి, పక్కకి జరగడానికి చోటుండదు. అద్దంలో ముందు ఒక తెల్ల చుక్క, తర్వాత రెండు, తర్వాత అద్దమంతా తెలుపు. చేతిలో స్టీరింగ్ వణుకుతోంది, మోచేతుల దాకా తెలుస్తోంది. కదలకూడదు కదలకూడదు అని నోట్లో అనుకుంటూనే ఉన్నాను. మలుపు అయిపోగానే యాక్సిలేటర్ ఒక్క క్షణం ముందు వదిలాను, హైపర్‌కారు ఎడమ నుంచి దూసుకుపోయింది, దాని వెనకే ఇంకోటి. నా టైమ్ సెకనులో పదో వంతులు రెండో మూడో పోయాయి అంతే, అర సెకను కూడా కాదు. గెలిచినంత సంతోషం వేసింది. ఫాస్ట్ కారులో కూర్చున్నవాళ్ళకి ఇది ఎలగ తెలుస్తుంది?

ఇప్పుడు కంప్లైంట్లు. మా రిగ్ బ్రేక్ పెడల్ కింద బోల్టు లూజుగా ఉంది, గట్టిగా తొక్కితే ప్లేటు మొత్తం ముందుకి కదులుతుంది. జీటీ3కి ఏబీఎస్, అంటే బ్రేక్ గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది, ఉంటుంది కాబట్టి మేం ఎలాగో నెట్టుకొచ్చాం, హైపర్‌కార్లకి అది ఉండదు, ఆ రిగ్గులో ఇలా ఉంటే పాపం వాళ్ళ పని అయిపోయేది. చెప్తే స్పానర్ తెచ్చి బిగించారు గానీ అది రేసుకి ముందు చూడాల్సిన పని. సీటు ముందుకి వెనక్కి జరిపే లివర్ పట్టేసింది, బావగారు ఆరడుగులు, తమ్ముడు ఐదున్నర, డ్రైవర్ మారిన ప్రతిసారీ ఇద్దరం పట్టుకుని లాగితేగానీ కదల్లేదు, పిట్‌లో ఒకసారి నలభై సెకన్లు అలాగే పోయాయి. మధ్యలో కరెంటు పోయింది, సిస్టమ్స్ యూపీఎస్ మీద ఆగకుండా నడిచాయి, సంతోషం, కానీ ఏసీ లేదు, మన వైజాగ్ ఉక్కపోతలో ఇరవై నిమిషాలు స్టీరింగ్ చేతిలోంచి జారిపోతూనే ఉంది. రిగ్గుకో చిన్న ఫ్యాన్ పెడితే వీళ్ళ సొమ్మేం పోదు.

నాకు బాగా నచ్చింది గోడ మీద పెద్ద స్క్రీను. మొత్తం రేసు లిస్టు ఒక పక్క, క్లాసు క్లాసుకీ విడిగా లిస్టు ఇంకో పక్క, క్లాసుకో రంగు. అది లేకపోతే మేం ముప్ఫై ఎన్నో ప్లేసులో ఉన్నామని దిగులు పడేవాళ్ళం, అది ఉండబట్టే ఎంవీపీ కాలనీ కాలేజీ కుర్రాళ్ళ కార్వెట్ కారు మీద మేం ఐదో ప్లేసుకి పోట్లాడుతున్నామని తెలిసింది. ఎవరైనా స్పిన్ అయితే ఆ ముక్కలో స్లో జోన్ పెట్టి అసలు రేసులోలాగే అక్కడ అందరినీ గంటకి 80 కిలోమీటర్ల స్పీడుకి తెచ్చారు.

2021 అసలు లె మాన్ రేసులో రాబర్ట్ కుబికా, యే యిఫే అనే డ్రైవర్ల ఎల్ఎంపీ2 కారు క్లాసులో ముందుండి ఆఖరి ల్యాపులో ఆగిపోయింది, 2025లో వాళ్ళిద్దరే ఫిల్ హాన్సన్‌తో కలిసి పసుపు రంగు 83 నంబర్ ఫెరారీలో మొత్తం రేసే గెలిచారు, 24 గంటలు, 387 ల్యాపులు అయ్యాక రెండో ప్లేసు పోర్షేకీ వాళ్ళకీ తేడా 14 సెకన్లు. 2011 ర్యాలీ యాక్సిడెంట్‌లో కుబికా కుడి చెయ్యి ఏ స్థితికి వచ్చిందో తెలిసినవాళ్ళకి ఆ రోజు కళ్ళు తడిశాయి. ఆఖరి అరగంట తమ్ముడి వెనక నిలబడి ముందున్న కార్వెట్‌కీ మాకూ తేడా పదహారు సెకన్లు, పన్నెండు, తొమ్మిది అని చదువుతుంటే నాకు అదే గుర్తొచ్చింది. తొమ్మిది దగ్గరే టైమ్ అయిపోయింది, ఆరో ప్లేసు. ఆ కుర్రాళ్ళు లేచొచ్చి తమ్ముడికి చెయ్యిచ్చారు.

మనిషికి 1,200 అంటే రెండు గంటల డ్రైవింగ్, ఊళ్ళో మామూలు రేట్లతో చూస్తే ఎక్కువేం కాదు, టీ, బిస్కెట్లు కూడా వాళ్ళే ఇచ్చారు. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ పెడల్‌కీ ఏసీకీ పోయింది. వచ్చే నెల ఎనిమిది గంటల రేసు అన్నారు, అదే జీటీ3 పోర్షేకి అడ్వాన్స్ కట్టేశాం, బావగారు షిఫ్ట్ మార్చుకోడానికి అప్పుడే మాట్లాడుకున్నారు.