రైలు సీనా, పడవల సీనా? సూపర్ హీరో సీక్వెల్స్‌లో ఏది మేలు

కొత్త సూపర్ హీరో సీక్వెల్ ఏది వచ్చినా మన వైజాగ్‌లో గొడవ మాత్రం పాతదే. జగదాంబ జంక్షన్‌లో సెకండ్ షో వదిలాక మొదలవుతుంది, ఆర్కే బీచ్ గోడ మీద కూర్చున్నా తెగదు. "గురూ, ఇంతకీ 'స్పైడర్ మ్యాన్ 2' గొప్పదా, బ్యాట్‌మ్యాన్ సినిమా 'ద డార్క్ నైట్' గొప్పదా?" అడిగిన ప్రతివాడికీ విడిగా చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

విలన్ల లెక్క తీస్తే తేలదు. 'ద డార్క్ నైట్'లో జోకర్ వేషానికి హీత్ లెడ్జర్‌కి ఆయన పోయాక ఆస్కార్ ఇచ్చారు, దానికి ఎవరూ వంక పెట్టలేరు. 'స్పైడర్ మ్యాన్ 2'లో డాక్టర్ ఆక్టోపస్‌గా ఆల్ఫ్రెడ్ మొలీనా కూడా తక్కువ తినలేదు. హంగుల్లోనూ అంతే. స్పైడర్ మ్యాన్‌కి విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ వచ్చింది. 'ద డార్క్ నైట్' తీసిన నోలన్ అయితే అంత పెద్ద ట్రక్కుని నడివీధిలో నిజంగానే పల్టీ కొట్టించాడు.

నేను చూసేది జనాన్ని. మొదటి భాగంలో వాళ్లు తలెత్తి నోరెళ్లబెడితే చాలు. రెండో భాగానికి హీరో వాళ్లకి పాతవాడే. ఇప్పుడు వాళ్లేం చేస్తారన్నదే నాకు అసలు సంగతి.

2004లో శామ్ రైమీ తీసిన రైలు సీన్ గుర్తు తెచ్చుకోండి. బ్రేకు పడని రైలు ముందు నిలబడి, రెండువైపులా భవనాలకి వలలు విసిరి, చొక్కా చిరిగిపోతుంటే ఆపుతాడు పీటర్, అంటే మన స్పైడర్ మ్యాన్. ఆపాక స్పృహ తప్పి ముందుకి తూలిపోతాడు. పగిలిన అద్దంలోంచి ప్రయాణికుల చేతులు వచ్చి పట్టుకుంటాయి. తలల మీదుగా ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి లోపలికి చేరుస్తారు. కిక్కిరిసిన గోదావరి ఎక్స్‌ప్రెస్ జనరల్ బోగీలో కిటికీలోంచి పిల్లాణ్ణి అందుకుని తల్లి ఒడి దాకా చేర్చినట్టే ఉంటుంది. ముసుగు లేదు. చూస్తే మా అబ్బాయి కంటే పెద్దవాడు కాదే అంటాడొకాయన. ఇద్దరు కుర్రాళ్లు ముసుగు తెచ్చిచ్చి, ఎవరికీ చెప్పమని మాటిస్తారు. ఇంతలో విలన్ దిగుతాడు. ఆ మామూలు మనుషులే లేచి అడ్డంగా నిలబడతారు. వాడు ఇనుప చేతులతో అందర్నీ ఒక్క తోపు తోసేస్తాడనుకోండి. ఆపలేమని వాళ్లకీ తెలుసు, అయినా లేచారు. (కథ న్యూయార్క్‌లో కదా, ఆ పట్టాల మీది షాట్లు కొన్ని షికాగోలో తీశారు. నోలన్ చూపించిన బ్యాట్‌మ్యాన్ ఊరు గోథమ్‌కి కూడా చాలావరకు షికాగోయే.)

ఇక 2008 నాటి 'ద డార్క్ నైట్'లో పడవలు. ఒకదానిలో ఖైదీలు, ఇంకోదానిలో మామూలు జనం, ఎదుటి పడవని పేల్చే మీట రెండింటికీ ఇచ్చి, ఎవరూ పేల్చకపోతే రెండూ పేల్చేస్తానంటాడు జోకర్. జనం పడవలో ఓట్లు వేస్తే పేల్చేద్దామన్నవాళ్లే ఎక్కువ. నేను చేస్తానంటూ లేచినాయన మీట చేతిలోకి తీసుకుని, తిప్పలేక మళ్లీ పెట్టెలో పెట్టేస్తాడు. అవతల ఓ భారీ ఖైదీ మీట అడిగి తీసుకుని కిటికీలోంచి నీళ్లలోకి గిరాటేస్తాడు. టెన్షన్ అంటే అదీ. రాతలో ఇదే గట్టి సీన్ అని ఒప్పుకుంటాను.

కానీ తర్వాత చూడండి. జనం పరీక్ష నెగ్గారు. నెగ్గిన గంట తిరక్కుండానే బ్యాట్‌మ్యాన్, పోలీసు అధికారి గోర్డన్ కలిసి ఏం చేశారు? జనం నమ్మిన ప్రాసిక్యూటర్ హార్వీ డెంట్ చేసిన హత్యల్ని దాచి, నిజం తెలిస్తే జనం తట్టుకోలేరని తీర్మానించారు. పడవల్లో అంత నిబ్బరం చూపించినవాళ్లు ఈ నిజం తట్టుకోలేరా? ఆ అబద్ధంలోనే విషాదం ఉందని నోలన్ అభిమానులు వాదిస్తారు, సబబే. అయినా బ్యాట్‌మ్యాన్‌కి జనం కాపలా కాయాల్సిన మంద. పీటర్‌కైతే అదే జనం ఆసరా. నా ఓటు రైలుకే.

2023లో వచ్చిన యానిమేషన్ 'అక్రాస్ ద స్పైడర్‌వర్స్' సంగతేమిటని పిల్లలు అడుగుతారు. బొమ్మలు అద్భుతం, తెలుగులోనూ వచ్చింది, మన దేశపు స్పైడర్ మ్యాన్ కూడా ఉన్నాడు. కథ సగంలో ఆపేశారు కాబట్టి పోటీలోకి తీసుకోను.

ఒకటి మాత్రం నిజం. 'ద డార్క్ నైట్' ఎక్కడైనా మళ్లీ వేస్తే పెద్ద తెర మీదే చూడండి. ఐమాక్స్ కెమెరాతో తీసిన ఆ బ్యాంకు దోపిడీ ఫోన్‌లో చూస్తే సగం పోతుంది. స్పైడర్ మ్యాన్‌కి ఇంట్లో టీవీ చాలు.