లీకేజీ అలారం, మోటారు వాల్వు: నాలుగేళ్ల వాడకం తర్వాత

చెన్నై వేళచ్చేరిలో మాది మూడో అంతస్తు. 2021లో మేము ఊళ్లో లేనప్పుడు వాషింగ్ మెషిన్ గొట్టం ఊడిపోయి, కింది ఇంటివారి ఫాల్స్ సీలింగు తడిసి కూలింది. దాని ఖర్చు భరించిన తర్వాతే అలారం, దానితో పనిచేస్తూ పైపులో నీటిని ఆపే మోటారు వాల్వు కొన్నాను.

సెన్సరు సబ్బుబిళ్లంత ఉంటుంది. అడుగున ఉన్న రెండు లోహపు బొడిపెలకు నీరు తగిలితే అలారం మోగి, వాల్వు మూసుకుంటుంది. ఒక్క వాల్వుతో ఇల్లంతా నీరు ఆగుతుందని అమ్మినవారు చెప్పారు గానీ, ఓవర్‌హెడ్ ట్యాంకు నుంచి మా ఇంటికి మూడు వేర్వేరు పైపులు దిగుతున్నాయని ప్లంబరు వచ్చి చూపించేదాకా నాకు తెలియదు. అందుచేత వాల్వును వాషింగ్ మెషిన్ వైపు పైపుకే బిగించాము.

అసలు చిక్కు బోరు నీటితో వచ్చింది. ఏడాదిన్నర తిరిగేసరికి వాల్వు సగంలో బిగుసుకుపోయింది. విప్పి చూస్తే లోపలి గుండు మీద సున్నం వేసినట్లు తెల్లటి పెచ్చు కట్టి ఉంది. వెనిగర్‌లో నానబెట్టి శుభ్రం చేయించిన నాటి నుంచి ప్రతి నెలా ఒకసారి మూసి తెరుస్తున్నాను, మళ్లీ మొరాయించలేదు. ఇల్లు తుడిచినప్పుడల్లా అలారం మోగడం మాత్రం ఇప్పటికీ తప్పలేదు, పనమ్మాయికి అదంటే గిట్టదు.

దీని విలువ తెలిసింది 2023 డిసెంబరులో. మిచాంగ్ తుపాను 5వ తేదీన బాపట్ల దగ్గర తీరం దాటింది కానీ, అంతకు ముందే చెన్నైని ముంచెత్తింది. వానాకాలానికని లిఫ్టు గొయ్యిలో ఉంచిన సెన్సరు తెల్లవారుజామున మోగగానే, వాచ్‌మన్ లిఫ్టును పై అంతస్తుకు పంపి దాని కరెంటు ఆపాడు. గొయ్యి నిండినా లిఫ్టు దక్కింది. నేలమట్టంలో ఉన్న సంపు మూత గుండా వీధి నీరు లోపలికి వెళ్లడాన్ని మాత్రం ఏ అలారమూ ఆపలేదు, వారం రోజులు లారీ నీళ్లే గతి అయింది. ఆ తర్వాత మా అపార్ట్‌మెంటు సంఘం సంపు మూతను రెండడుగులు ఎత్తించి, మురుగు పైపుకు నీరు వెనక్కి తన్నకుండా నాన్‌రిటర్న్ వాల్వు పెట్టించింది.

ఇంట్లోకి ఒకే పైపు ఉన్నవారికి తప్ప మోటారు వాల్వు కొనమని చెప్పను. కరెంటు పోతే నాది కదలదు కూడా. అలారం మాత్రం ఇంకో రెండు కొన్నాను. వాటి బ్యాటరీలు ఏటా అక్టోబరు వానలకు ముందే మారుస్తున్నాను.